పులి-మేక ఆట, పొలంలో ఎలుక వేట



ఇవాళ ఎరువుల సంగతి కాదు, విత్తనాల సంగతీ కాదు. ఒక ఆట గురించి నాలుగు మాటలు చెబుతాను. అది పులి-మేక ఆట. కొన్ని చోట్ల దీన్నే పులిజూదం అంటారు. పేరులో జూదం వుందని కంగారుపడకండి. ఇందులో పాచికలు లేవు, పందెం అక్కర్లేదు. అదృష్టానికి చోటే లేదు, అంతా ఆలోచనే. ఆ ఆలోచనకూ మన వరిచేలో ఎలుకల బెడదకూ చుట్టరికం వుంది. చివర్లో అక్కడికే వస్తాను.

ఈ ఆట మనదొక్కరిదే కాదు. తమిళులు ఆడుపులి ఆట్టం అంటారు, కన్నడిగులు ఆడు హులి ఆట అంటారు. నేపాలులో బాఘ్‌చాల్ అని ఇలాంటిదే మరొకటి వుంది. హంపీ శిథిలాల్లో రాతినేలల మీద చెక్కిన ఆటపటాలు నేటికీ కనబడతాయి.

పటం గీయడానికి ఒక సుద్దముక్క చాలు. పైన ఒక చుక్క పెట్టండి. దాన్నుంచి గుడారపు తాళ్ళ మాదిరి నాలుగు గీతలు కిందికి దించండి. ఆ నాలుగింటినీ కోస్తూ మూడు అడ్డగీతలు గీసి, రెండు పక్కలా కొంచెం బయటికి సాగనివ్వండి. ఆ కొనలను అటూ ఇటూ నిలువుగా కలపండి. అడుగున నాలుగు కాళ్ళనూ కలుపుతూ ఇంకొక గీత. ఇప్పుడు కూడళ్ళు లెక్కబెట్టండి. శిఖరం ఒకటి, అడ్డగీతకు ఆరు చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. మొత్తం 23.

పులులు 3, మేకలు 15. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. సాధారణంగా ఒక పులి శిఖరం మీద, రెండు పులులు దాని కింది గీత మీద లోపలి కూడళ్ళలో కూర్చుంటాయి. మేకలవాడు ఒక్కొక్క మేకనే దించాలి. ఒక మేక దిగితే, పులి ఒక అడుగు కదులుతుంది. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలరాదు. పక్కన మేక వుండి, దాని వెనక అదే గీత మీద కూడలి ఖాళీగా వుంటే, పులి దూకి మేకను తినేస్తుంది. మేక పులిని ఎన్నటికీ చంపలేదు. పులులన్నీ కదలలేకుండా దారులు మూయడమే దాని గెలుపు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టన్నది ఊరికో మాట, ముందే అనుకుని మొదలుపెట్టాలి.

ఇక కిటుకు వినండి. పటంలో పులి దూకడానికి వీలులేని చోట్లు ఏడున్నాయి. పక్కల నాలుగు మూలలు, అడుగు గీత రెండు కొసలు, శిఖరం. అక్కడ గీతలు ఆగిపోతాయి గనుక అవతల దిగే చోటు వుండదు. శిఖరం మీద మొదట పులే వుంటుంది గనుక మిగిలినవి ఆరు. తెలిసినవాడు తొలి మేకలను ఆ ఆరింటిలో దించుతాడు. తెలియనివాడు పులి పక్కనే పెట్టి, రెండో ఎత్తులోనే ఒకటి పోగొట్టుకుంటాడు.

పులిని ఎక్కడ కట్టాలన్నది రెండో ప్రశ్న. నట్టనడుమ కూర్చున్న పులికి నాలుగు వైపులా దారులుంటాయి. నాలుగింటా మేకలుండాలి, ఒక్కొక్క దాని వెనక ఇంకొకటి వుండాలి. మొత్తం ఎనిమిది మేకలు. అదే పులి పక్క మూలకు చేరితే దారులు రెండే, నాలుగు మేకలు చాలు. కాబట్టి మేకలవాడి పనల్లా పులిని అంచుకు నెట్టడమే. పులివాడి పనల్లా నడుమ చోటు వదలకపోవడమే.

పదిహేను మేకలూ క్షేమంగా దిగితే పటం మీద ఖాళీలు అయిదే. ఆ అయిదూ ఎక్కడ పడ్డాయన్న దాని మీదే ఆట ఆధారపడి వుంటుంది.

బలమున్న పులే ఎప్పుడూ గెలుస్తుందనుకోకండి. నేపాలు ఆటలో 4 పులులు, 20 మేకలు, 25 కూడళ్ళు. ఇద్దరూ పొరపాటు చేయకుండా ఆడితే ఆ ఆటలో ఎవరూ గెలవరని, ఓడరని 2007లో సింగపూరులో ఒక పరిశోధకుడు కంప్యూటరుతో లెక్కకట్టి తేల్చాడు. అంటే ఓటమి బలహీనత వల్ల రాదు, ఏమరుపాటు వల్ల వస్తుంది.

ఇప్పుడు పొలంలోకి రండి. ఇక్కడ పులి ఎలుక. మేకలం మనం. ఒక రైతు తన మడిలో మందు పెట్టి, పక్క రైతు ఊరుకుంటే, ఆ పక్క చేనే ఖాళీ కూడలి. ఎలుక అక్కడ బతికి, పది రోజులకు మళ్ళీ ఇటే వస్తుంది. మందు ఖర్చూ దండగ, పైరూ దండగ. అందుకే ఆయకట్టంతా ఒకే రోజున కలిసి చేయాలంటాం. పైరు పొట్టదశకు రాకముందే చేయాలి.

మొదటి రోజు గట్ల మీద, కాలువ ఒడ్డున కనబడ్డ బొరియలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు చూస్తే కొన్ని తెరిచి వుంటాయి. ఎలుకలున్నవి అవే. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె పట్టించి, 20 గ్రాముల బ్రోమోడయోలోన్ 0.25 శాతం మందు కలపండి. పది గ్రాముల చొప్పున కాగితంలో పొట్లాలు కట్టి, తెరిచిన బొరియకొకటి లోపలికి జారవిడవండి. కిలో ఎర సుమారు వంద బొరియలకు వస్తుంది. ఇది విషం సుమా! చేతికి తొడుగు లేకుండా ముట్టవద్దు. పిల్లలను, పశువులను, కుక్కలను దగ్గరికి రానీయకండి. చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. సామూహిక నివారణ అని ఉపన్యాసం చెబితే తలలు ఊపి వెళ్ళిపోతారు. రచ్చబండ మీద ఈ పటం గీసి, ఒక మేకను వెనక ఖాళీ వుంచి నిలబెట్టండి. పులి చేత దూకించండి. తరవాత వెనక ఇంకొక మేకను పెట్టి, ఇప్పుడు దూకమనండి. అక్కడున్న పెద్దలే మీకు మిగతాది చెబుతారు. రోజు నిర్ణయించుకోవడానికి అదే సమయం.

సోదరులారా, ఈ సాయంత్రం మీ పిల్లలను కూర్చోబెట్టి రెండు ఆటలు ఆడండి. పటం గీయడం తెలిసిన తాతలు, మామ్మలు ఊళ్ళో తగ్గిపోతున్నారు. వాళ్ళను అడిగి గీయించుకోండి. రేపు పొద్దున గట్టు మీదికి వెళ్ళినప్పుడు మీ పక్క చేని రైతును కూడా పిలవండి.

సెలవు.