చేబదులు నుంచి సంఘం దాకా



మా ఇంటికి పాలుపోసే ఆవిడ పక్క పల్లె నుంచి వస్తుంది. నెలకో రోజు ఆమెకు ఆలస్యం తప్పదు. ఏమిటమ్మా అంటే, “సంఘం మీటింగండీ, పోకపోతే ఫైను వేస్తారు” అంటుంది. మొదట్లో నేనూ విసుక్కున్నదాన్నే. కాఫీ లేని పొద్దున ఎవరికి మాత్రం విసుగు రాదు చెప్పండి! ఒకనాడు కూర్చోబెట్టి అడిగితే, ఆ గేదెను కొన్నదే సంఘం అప్పుతో అని తెలిసింది.

సంఘం పేరు కొత్తది గాని, ఆ పని పల్లెకు పాతదే. చేబదులు అనే మాట ఉండనే ఉంది గదా. దానికి వడ్డీ లేదు, నోటు లేదు, సాక్షీ లేడు. పెళ్ళి చదివింపులు పుస్తకంలో రాసిపెట్టుకోవటమూ ఆ కోవలోదే. ఈవేళ వాళ్ళింట చదివించిన నూటపదహార్లు రేపు మన పిల్ల పెళ్ళికి తిరిగి రావాలి. ఇక నాట్ల రోజుల్లో చూడాలి. పదీ పదిహేనుమంది ఆడవాళ్ళు ముఠాగా కూడి, ఎకరాకింత అని గుత్తకు మాట్లాడుకుంటారు. ఒంటరిగా వెళ్ళిన మనిషికి ఆసామి ఇచ్చిందే కూలి. ముఠాకైతే బేరమాడే నోరుంటుంది. అందులో చేరటానికి చదువూ పెట్టుబడీ అక్కర్లేదు. “రేపు మాతో రావే” అని పిలిచే మనిషి ఉండాలి, అంతే. ఆ పిలుపు రాని ఇంట్లో ఆనాటి కూలి లేనట్టే.

అయితే ఈ పాత సాయానికి ఒక ఇబ్బంది ఉంది. వానలు పడకపోతే అందరి కుండలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. పక్కింటామె మనసు మంచిదే, కొంగుముడిలో కాసు మాత్రం ఉండదు. అప్పుడిక వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి.

డ్వాక్రా సంఘాలు 1982–83లో వచ్చాయి. 1992లో నాబార్డు ఇటువంటి పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. తాకట్టుకు బంగారం లేని మనిషికి ఇరుగుపొరుగు నమ్మకమే హామీ కావటం ఇందులోని కిటుకు. ఎవరింట్లో ఏ ఖర్చు నిజమైనదో, ఎవరు బాకీ ఎగవేసే రకమో బ్యాంకు మేనేజరుకేం తెలుసు? కుళాయి దగ్గర రోజూ కలిసే ఆడవాళ్ళకు తెలుసు.

చీటీపాటల్లో ఆరితేరినవాళ్ళం గనుక ఈ లెక్క మనకు సులువే. గేదెకు తక్కువపడిన పదివేలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు. అదే సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 1,200. గేదె ఒక్క చెంబు పాలు ఎక్కువివ్వకుండానే 2,400 రూపాయలు ఆ ఇంట మిగిలాయన్నమాట! సంఘం సొంత పొదుపులోంచి ఇచ్చిన అప్పైతే, ఆ వడ్డీ కూడా వాళ్ళ పెట్టెలోనే పడుతుంది.

పోకుండా ఆగిన డబ్బు కూడా ఆదాయమే మరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకోవటానికి చేరిన ఆడవాళ్ళు మగవాళ్ళ కూలి సారా దుకాణం పాలు కాకుండా అడ్డుపడ్డారు. ఒక్కొక్క ఇల్లాలూ ఇంట్లో చెప్పి చెప్పి అలసిన మాటే అది. పదిమందీ వీధిలో నిలబడి అంటే చెల్లింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

పాల సంగతి ఎత్తాను గనుక ముల్కనూరు మాట కూడా చెప్పాలి. అక్కడ రైతుల సహకార బ్యాంకు 1956 నాటిది. ఆ ఊళ్ళోనే 2002లో ఆడవాళ్ళే సభ్యులుగా సహకార డెయిరీ నడవటం మొదలైంది. అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికి పాలుపోస్తే అతను చెప్పిందే ధర. తమ డెయిరీలో వెన్న శాతం చూసి ధర కడతారు, లెక్క తామే అడగవచ్చు.

ఇంత మంచి ముడి మెడకు బిగిసిన రోజులూ ఉన్నాయి. సూక్ష్మరుణ కంపెనీలు ఆ ఇరుగుపొరుగు నమ్మకాన్నే ఆసరా చేసుకుని వారం వారం వాయిదాల మీద అప్పులిచ్చాయి. ఒకామె కట్టలేకపోతే తోటివాళ్ళే వెళ్ళి ఆమె గడపలో కూర్చోవలసి వచ్చేది. ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు పత్రికల్లో చదివాం. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వాయిదా నెలకొకసారే వసూలు చేయాలనవలసి వచ్చింది.

నాకు మనసులో మెదిలేది మరొకటుంది. పొదుపు కట్టలేనంత బీద ఇల్లు, ఏటా నెలల తరబడి వలసపోయే పాలమూరు కూలి, ఎవరూ లేని ముసలమ్మ – వీళ్ళను చేర్చుకోవటానికి తోటివాళ్ళే జంకుతారు. తప్పు పట్టటమూ కష్టమే. ఒకరి బాకీ అందరి నెత్తినా పడుతుంది మరి. మా పాలావిడను అదే అడిగాను.

“మా సంఘంలో అందరం గేదెలున్నోళ్ళమేనండీ” అంది.

ఊరి చివరి ఇళ్ళవాళ్ళో? అన్నాను.

“వాళ్ళనెవరూ పిలవలేదండీ” అని, కాసేపు ఆగి, గిన్నెలో కొసరు పోసి వెళ్ళింది.