చలనచిత్ర విమర్శ: తూనికయా, అభిరుచియా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో సినిమా ప్రసంగమేమని కొందరు పెద్దలకు తోచవచ్చును. మన పఠనమందిరమునకు దినపత్రిక వచ్చినంతనే యువకులు ముందుగా తెరచునది సినిమా పుటయే. కావున ఆ పుటను ఎట్లు చదువవలెనో నాలుగు మాటలు చెప్పుట అనుచితము కాదనుకొందును.

2024 ఏప్రిల్ 5వ తేదీన ‘ఫ్యామిలీ స్టార్’ అను చిత్రము విడుదలైనది. దానిపై పనిగట్టుకొని దుష్ప్రచారము చేయుచున్నారని కథానాయకుని పక్షమువారు మాదాపూరు పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసిరి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ ప్రాంతమే అది. నూనె కల్తీ అయినచో పరీక్షించుటకు సాధనములున్నవి. అభిప్రాయము కల్తీయో కాదో ఠాణావారు ఎట్లు తేల్చగలరు? చూడకయే తిట్టినవాని మాట అబద్ధము. చూచి “నాకు నచ్చలేదు” అన్నవాని మాట నిజము. సెల్‌ఫోనులో రెండును ఒక్క తీరుననే కనబడును. ఉదయపు ఆటకు పుట్టిన మాట సాయంకాలపు ఆటను ఖాళీ చేయగలదు. ఒకవైపు చిత్రమును నమ్ముకొన్న శ్రామికుల బ్రతుకు, మరియొకవైపు కూలి డబ్బుతో టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని హక్కు.

ఈ చిక్కు భరతమునికి తెలియనిది కాదు. నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున ప్రేక్షకులను గూర్చి చెప్పుచు, యువకులు శృంగారమునకును, శూరులు యుద్ధములకును, వృద్ధులు పురాణకథలకును, విరాగులు మోక్షవిషయములకును సంతోషింతురనెను. అభిరుచిభేదమును ఆయన తప్పుపట్టలేదు. అంతతో విడువను లేదు. వివాదము వచ్చినచో తీర్చుటకు ప్రాశ్నికులను ఏర్పరచెను. యజ్ఞఘట్టమునకు యజ్ఞము తెలిసినవాడు, సౌష్ఠవమునకు విలుకాడు, పద్యమునకు ఛందోవేత్త, గానమునకు గాయకుడు. అన్ని విద్యలు ఒక్కనియందే ఉండజాలవని కూడ చెప్పెను. నేటి విమర్శకుడో కథకు, సంగీతమునకు, ఛాయాగ్రహణమునకు, కూర్పునకు తానొక్కడే ప్రాశ్నికుడై, అయిదింటికి రెండుంబావు అని మార్కు వేయుచున్నాడు. ఆ పావు దేనికో నాకింతవరకు అంతుపట్టలేదు.

1957 నాటి ‘మాయాబజారు’ను తీసికొనుడు. నౌకావిహార గీతమున మార్కస్ బార్ట్‌లే వెన్నెలను ఎట్లు కల్పించెనో, లడ్లు తమంత తామే ఘటోత్కచుని నోట బడు దృశ్యమును ఎట్లు తీసిరో తెలిసినవాడు వివరింపగలడు. తప్పు చెప్పినచో మరొకడు దిద్దగలడు. ఆ వెన్నెలకు మనసు కరగినదా లేదా అనునది మాత్రము చూచినవాడే చెప్పవలెను. 2013లో ఒక ఆంగ్ల వార్తాచానెలు నడిపిన ఓటింగులో భారతీయ చిత్రములన్నిటిలో దీనికి ప్రథమస్థానము వచ్చినది. మనకు గర్వకారణమే. కాని ఓటు ఆదరణను లెక్కించును, కారణము చెప్పదు.

ఇంతకంటె కఠినమైన ఉదాహరణము 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’. విడుదలకు ముందే హైదరాబాదులో వి. హనుమంతరావుగారు బస్సుపైనున్న పోస్టరును చింపిరి. అది చిత్రవిమర్శ కాదు, పోస్టరు విమర్శ. విడుదలైన పిదప పలువురు విమర్శకులు నటనను, చిత్రణలోని కొత్తదనమును మెచ్చుకొనిరి. కొందరు నాయకుని పురుషాహంకారమును ఖండించిరి. నాయకుడు ఆ పిల్ల సమ్మతి నడుగకయే, ఆమె తనదని కళాశాలలో చాటును. నాకు ఆ ఘట్టము రుచింపలేదు. రుచింపకపోవుట నా స్వభావము. అడుగలేదనుట మాత్రము చిత్రములోనున్న విషయము. దానిని మెచ్చినవారును కాదనజాలరు. “ఆ పాత్ర స్వభావమే అది” అని వారనవచ్చును. అప్పుడు చిత్రము ఆ స్వభావమును చూపుచున్నదా, సమర్థించుచున్నదా అని ఘట్టము వెంట ఘట్టము వెదకవలసియుండును. విమర్శ మొదలగునది అక్కడనే. ఇద్దరము ఒక్క మాట మీదికి రాకపోయినను, ఏ ఘట్టముకడ విడిపోయితిమో మాకు తెలియును.

కార్యదర్శిగారికి ఒక మనవి. పఠనమందిరమున ఒక పుస్తకము ఉంచుడు. సినిమా చూచి వచ్చిన సభ్యులు ఎడమపుటలో చిత్రమున ఉన్నదానిని, కుడిపుటలో తమకు తోచినదానిని వ్రాయుదురు గాక. చూడనివారు కలము పట్టరాదు. నోటుపుస్తకము నేనే తెచ్చితిని. అధ్యక్షులవారు స్వీకరింప ప్రార్థన.