బ్లాక్‌చెయిన్ చదువుకు మన విద్యానిధి డబ్బు ఇవ్వవచ్చునా?
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది విద్యానిధి నుండి కర్జె హసనా కోరుతూ వచ్చిన దరఖాస్తులలో రెండింటి దగ్గర ఉపసంఘం ఆగిపోయింది. ఒక అబ్బాయి బి.కాం. పూర్తి చేశాడు. వ్యాపారంలో బ్లాక్‌చెయిన్ అనే ఎమ్మెస్సీ చదవటానికి విదేశం వెళ్తానంటున్నాడు. ఒక అమ్మాయి బి.సి.ఎ. చేసింది. ఇక్కడే ఎం.బి.ఎ.లో చేరి, ప్రాజెక్టు ఇదే విషయం మీద చేస్తానంటున్నది. సంఘంలో ఒక పెద్దాయన, "మాస్టర్ సాబ్, ఇది ఆ బిట్‌కాయిన్ జూదమే కదా? అమానత్ సొమ్ము దానికి ఇవ్వవచ్చా?" అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. తెలుసుకొని వచ్చి సభలో చెప్పమని ఆ పని మా మెడకు తగిలించారు.

మేము ఉర్దూ మాధ్యమం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. కంప్యూటర్ పండితులం కాము. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ అధ్యాపకులు ఈ విషయం మీద చెప్పిన పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఉచితంగా ఉన్నాయి. ఇషా నమాజు తర్వాత కూర్చొని వాటిని విన్నాము. కొంత తలకెక్కింది, ఎక్కని భాగం మా పాత విద్యార్థి ఒకడు విప్పి చెప్పాడు. వాడికి ఒకప్పుడు మేము ఎక్కాలు తప్పు చెప్పినందుకు గోడకుర్చీ వేయించాము. ఇప్పుడు వాడి వంతు వచ్చింది.

సంగతి ఇది. వన్‌టౌన్‌లో టోకు వ్యాపారి, గొల్లపూడి కాంప్లెక్సులో కమీషన్ వ్యాపారి, ఆటోనగర్‌లో లారీ యజమాని, గవర్నరుపేటలో బ్యాంకు, ఈ నలుగురూ ఒకే సరుకు గురించి నాలుగు పుస్తకాలు రాసుకుంటారు. నెలాఖరుకు నాలుగూ కలవవు. అప్పుడు ఫోన్లు, అరుపులు, చివరికి పెద్దమనుషులు. ఈ కొత్త పద్ధతిలో నలుగురికీ ఒకే పుస్తకం, నాలుగు నకళ్ళు. ముందుగా ఒప్పుకొన్న నియమాల ప్రకారం అందరికీ సమ్మతమైతేనే పద్దు పుస్తకంలోకి ఎక్కుతుంది. పేజీ నిండగానే అందులోని అక్షరాలన్నిటినీ ఒక లెక్కలో వేసి ఒక ముద్ర తీస్తారు. ఎక్కువగా వాడే లెక్క పేరు ఎస్.హెచ్.ఎ.-256. పేజీ ఎంత పెద్దదైనా ముద్ర మాత్రం 64 అక్షరాలూ అంకెలే. పేజీలో ఒక్క సున్నా మార్చినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ ముద్రను తర్వాతి పేజీ నెత్తిన రాస్తారు, దాని ముద్రను ఆపై పేజీ మీద రాస్తారు. కాబట్టి ఎవరైనా పాత పేజీని దొంగచాటుగా దిద్దితే అక్కడి నుండి గొలుసు మొత్తం తెగుతుంది. మిగిలిన ముగ్గురి నకళ్ళు సాక్ష్యం చెబుతాయి. బ్లాక్‌చెయిన్ అంటే ఇదే. పేజీల గొలుసు.

బిట్‌కాయిన్ ఈ గొలుసుతో చేసిన ఒక వస్తువు మాత్రమే. సతోషి నకమోటో అనే పేరుతో 2008లో దాని పత్రం వచ్చింది, 2009 జనవరిలో అది నడక మొదలుపెట్టింది. రాతలకు కాలముద్ర వేసి గొలుసుగా కట్టే ఆలోచనను హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1991లోనే ప్రకటించారు. వ్యాపార సంస్థల కోసం లినక్స్ ఫౌండేషన్ 2015 డిసెంబరులో హైపర్‌లెడ్జర్ అనే పని మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో నాణెం లేకుండానే పుస్తకం నడుస్తుంది. ఇక ఆ నాణేల మాటకొస్తే, ఈజిప్టు దారుల్ ఇఫ్తా వారు 2018లో బిట్‌కాయిన్ వ్యాపారం కూడదన్నారు. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో దాన్ని కరెన్సీగా వాడటం హరాం అన్నది. మన దేశంలో 2022 ఏప్రిల్ నుండి ఆ లాభం మీద 30 శాతం పన్ను. పన్ను కట్టించుకున్నంత మాత్రాన ప్రభుత్వం దాన్ని రూపాయితో సమానం చేయలేదు. దాని జోలికి వెళ్ళి పెళ్ళి కోసం దాచిన సొమ్ము పోగొట్టుకున్న ఇల్లు మాకు తెలిసినదే ఒకటున్నది. కనుక పెద్దాయన భయం ఉత్తది కాదు. అయితే ఇక్కడ అడిగింది నాణెం కొనడానికి కాదు, పుస్తకం రాయడం నేర్చుకోవడానికి.

పుస్తకం రాయడం మనకు కొత్తా? సూరె బఖరాలో 282వ ఆయతు ఖురాన్ మొత్తంలోకీ పెద్దది. అది పూర్తిగా అప్పు పత్రం గురించే. గడువు పెట్టి ఇచ్చే అప్పును రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టమని, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఉన్నది. ఇంకొక ముచ్చట. మన తెలుగు సోదరులు రోజూ అనే జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దస్తావేజు, జామీను, చివరికి వడ్డీకి ఎదురుగా నిలబడే ఆ 'అసలు' కూడా అరబ్బీ, ఫార్సీ నుండి వచ్చిన మాటలే. మాటలు ఊరంతటికీ పంచిపెట్టాము గాని, ఈనాడు లెక్క రాసే బల్ల దగ్గర మన పిల్లలు ఎంతమంది? లారీ స్టీరింగు దగ్గర ఉన్నారు, మెకానిక్ షెడ్లలో ఉన్నారు, ఐసు ఫ్యాక్టరీలో ఉన్నారు. బల్ల దగ్గర తక్కువ.

ఇక మన డెల్టాలో దీనికి పనేమిటి? రొయ్య ఉన్నది. కైకలూరు, కలిదిండి, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వెళ్ళి చూడండి, కనుచూపు మేర చెరువులే. అక్కడ సీడ్ ఎక్కడిది, మేత ఏది, ఏ మందు ఎప్పుడు వేశారు, పట్టుబడి ఏ తేదీన, కౌంటు ఎంత అనే వివరాలు సగం కాగితం మీద, సగం గుమస్తా నోట్లో ఉంటాయి. కొనేవాడు సముద్రం అవతల ఉన్నాడు. యాంటీబయాటిక్ జాడ తగిలితే కంటైనర్ మొత్తం వెనక్కు పంపగలడు. ఐరోపా సమాఖ్యవారు మన రొయ్యల సరుకులో 10 శాతానికి చేసే పరీక్షను 2016లో 50 శాతానికి పెంచారు. తప్పు ఒక చెరువుదైనా అనుమానం అన్ని చెరువుల మీదా పడుతుంది. ఏ చెరువు సరుకు ఏ పెట్టెలోకి వెళ్ళిందో చూపగలిగితే, మందు వాడని రైతు ఆ నింద నుండి బయటపడతాడు.

2019 అక్టోబరులో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్, ఐ.బి.ఎం. వారి ఫుడ్ ట్రస్ట్ అనే బ్లాక్‌చెయిన్ మీద సరిగ్గా ఇదే ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్ రొయ్య అమెరికాలోని శామ్స్ క్లబ్ దుకాణం చేరేదాకా జాడ రాసింది. మన రాష్ట్రపు ఎగుమతిదారు సంధ్యా ఆక్వా అందులో పాల్గొన్నది. అంతకుముందు ఆ వాల్‌మార్టే మామిడి ముక్కల ప్యాకెట్టు ఏ తోటదో చెప్పమంటే పాత పద్ధతిలో దాదాపు ఏడు రోజులు పట్టింది, ఈ పద్ధతిలో 2.2 సెకన్లు. నూజివీడు తోటలూ, నున్న మార్కెట్టూ పక్కన పెట్టుకున్న మనకు ఇది వినదగిన సంగతి. 2021లో స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ కలిసి మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల మిర్చి, పసుపు రైతులు మూడు వేలమందికి పైగా ఉన్న ప్రయోగానికి ఒప్పందం చేసుకున్నాయి. భూమి రికార్డులకు ఈ పద్ధతి వాడి చూస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం 2017లోనే ప్రకటించింది. కేంద్రం వారి విశ్వస్య అనే వేదిక 2024 సెప్టెంబరులో వచ్చింది, దాని కేంద్రాలలో ఒకటి హైదరాబాదులోనే.

ఇంతవరకు విని ఇదేదో అల్లావుద్దీన్ దీపమని అనుకోకండి. సముద్ర రవాణా కాగితాల కోసం మెర్స్క్, ఐ.బి.ఎం. కలిసి 2018లో మొదలుపెట్టిన ట్రేడ్‌లెన్స్‌ను మూసివేస్తున్నట్లు 2022 నవంబరులో చెప్పేశారు. లోకంలోని రేవులు, ఓడల కంపెనీలు కావలసినంతగా కలిసి రాలేదు. పోటీదారుడు పెట్టిన పుస్తకంలో నా లెక్క నేనెందుకు రాయాలి అనేది యంత్రం తీర్చే చిక్కు కాదు. అదే నెలలో ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్చేంజి కూడా ఏళ్ళ తరబడి కట్టుకుంటూ వచ్చిన ఇలాంటి పనిని ఆపి, కోట్ల డాలర్లు నష్టం రాసుకున్నది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటున్నది. 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ వచ్చినప్పుడు వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించే పనిలో ఒక ముతవల్లీ సాహెబ్‌కు మేము సాయం కూర్చున్నాము. అది బ్లాక్‌చెయిన్ కాదు, మామూలు పోర్టలే. ఇనప్పెట్టెలోంచి తీసిన పాత కాగితాల్లో ఒకదానిలో ఒక సర్వే నంబరు, రెండోదానిలో ఇంకో నంబరు. తేడా ఒక్క అంకె. ఏది నిజమో కాగితం చెప్పదు, ముతవల్లీకి తెలియదు, రాసిన మనిషి మట్టిలో ఉన్నాడు. రెండు రోజులు పొలం గట్ల మీద తిరిగి, పక్క రైతులను అడిగి తేల్చుకున్నాము. ఆ తప్పు అంకె బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కి ఉంటే? ఎవరూ చెరపలేని పుస్తకంలో పదిలంగా ఉండేది. సరిదిద్దే పద్దు వేయవచ్చు గాని, ముందు అది తప్పని ఎవరో ఒకరు కనిపెట్టాలి. గొలుసు, రాసినదాన్ని కాపాడుతుంది. రాసింది నిజమా కాదా అనేది చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషి చేతిలోనే ఉన్నది.

అందుచేత ఈ చదువు విలువంతా, చదివే పిల్లకో పిల్లవాడికో ఏదైనా ఒక వ్యాపారం లోపలి సంగతి తెలుసా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉన్నదని మాకు తోచింది. పోస్టుగ్రాడ్యుయేట్ పాఠంలో ముద్ర లెక్కలు, డిజిటల్ సంతకం, షరతు తీరగానే తనంత తాను అమలయ్యే ఒప్పందాలు, చట్టం, ఆడిటింగు అన్నీ ఉంటాయి. అవి నేర్చుకోవచ్చు. రొయ్య కౌంటు మీద బేరం ఎలా తెగుతుందో ఏ తరగతి గదిలోనూ చెప్పరు.

విదేశాల్లో మంచి కోర్సులు లేకపోలేదు. సైప్రస్‌లోని నికోసియా విశ్వవిద్యాలయం 2014లోనే డిజిటల్ కరెన్సీ మీద మాస్టర్స్ మొదలుపెట్టింది. కాని ఖర్చు లక్షల్లో ఉంటుంది. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుకు వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. ఇక మిగిలేది తల్లి మెడలోని బంగారం, లేదా మనం తప్పించుకోవాలని చూసే వడ్డీ అప్పు.

మేము ఇద్దరినీ పిలిచి మాట్లాడాము. అబ్బాయి చురుకైనవాడు, అబద్ధం చెప్పడు. నాణేల ధరలు నోటికి వచ్చు. ఆ ముద్ర ఎలా తీస్తారురా అంటే నీళ్ళు నమిలాడు. ఏజెంటు ఇచ్చిన రంగు కాగితంలో ఉద్యోగం గ్యారంటీ అని ఉన్నది, ఎవరిస్తారో లేదు. అమ్మాయి తండ్రి చిన్న లారీ మీద చెరువులకు ఐసు తోలుతాడు. ఏ ట్రిప్పులో ఎంత ఐసు కరిగింది, సరుకు ఎంతసేపు ఎండలో నిలిచింది అనేది ఆ బిడ్డ మూడేళ్ళుగా నోటుబుక్కులో రాస్తున్నది. దాన్ని కొనేవాడూ అమ్మేవాడూ ఒప్పుకునే పుస్తకంగా మార్చడం ఆమె ప్రాజెక్టు. "అంకుల్, నాన్నే తప్పు రాస్తే ఎలా పట్టుకోవాలి?" అని మమ్మల్నే అడిగింది. వచ్చే జవాబు కోసమే చదువుతానన్నది.

అమ్మాయి దరఖాస్తును పూర్తి మొత్తానికి ఆమోదించమని ఉపసంఘం సిఫారసు. అబ్బాయిని ఒక ఏడాది ఆగి, ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠం చదివి పరీక్ష రాసి, ఏదైనా ఒక దుకాణంలో లెక్కలు చూసి రమ్మన్నాము. వస్తే అతని కాగితమే ముందు తీస్తాము. అతని తండ్రిగారు ఈ సభలోనే ఉన్నారు, మా మీద కోపంగా ఉన్నారనీ తెలుసు. మంజూరు చేయవలసింది కార్యవర్గం. అడగదలచిన వారి కోసం అసర్ వరకు మేము ఇక్కడే ఉంటాము.