సౌర తుఫాన్ వెళ్లిపోయాక శాటిలైట్లకి ప్రమాదం ఎందుకు?

2024 మే 10, 11 రాత్రుల్లో లడఖ్‌లోని హన్లే దగ్గర ఆకాశం ఎర్రగా మారిన ఫోటోలు గుర్తున్నాయా? మనలో చాలామంది స్టేటస్ కూడా పెట్టుకున్నాం. కానీ శాటిలైట్లు నడిపేవాళ్లకి ఆ రంగులు పోయాక కూడా టెన్షన్ పోదు. ఎందుకో ఈరోజు చూద్దాం.

ముందు ఒక నిజం కేసు. 1994 జనవరి 20. కెనడాకి చెందిన అనిక్ ఈ1, అనిక్ ఈ2 అనే రెండు శాటిలైట్లు ఒకే రోజు అదుపు తప్పాయి. ఉత్తర కెనడాలో టీవీ, ఫోన్ కట్. పేపర్లకి వార్తలు వెళ్లలేదు. మొదటిది కొన్ని గంటల్లో దారికొచ్చింది, రెండోదానికి నెలలు పట్టింది. అంతకుముందు కొన్ని రోజులుగా సోలార్ విండ్ వేగంగా వీస్తోంది, అంతే. సూర్యుడి మీద పెద్ద పేలుడు లాంటిదేం కాదు.

సోలార్ విండ్ అంటే సూర్యుడి నుంచి ఆగకుండా వచ్చే ప్లాస్మా. మామూలు రోజుల్లోనే స్పీడ్ సెకనుకి 400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకి సెకను కూడా పట్టదు! కానీ చాలా పల్చన. అందులో ఒక్కో ఎలక్ట్రాన్ ఎనర్జీ సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే. శాటిలైట్ పైతొడుగు దాటే సీన్ దానికి లేదు. లోపలికి దూరి వైర్ల ఇన్సులేషన్‌లో పేరుకుపోయి, చివరికి చిన్న మెరుపులా డిశ్చార్జ్ అయ్యేవి 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లు దాటినవి. వీటికి సైంటిస్టులు పెట్టుకున్న ముద్దుపేరు కిల్లర్ ఎలక్ట్రాన్స్. మరి లక్ష రెట్లు ఎనర్జీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడే ప్లాస్మా వేవ్స్ ఎంట్రీ. సోలార్ విండ్‌లో కుదుపు వస్తే భూమి అయస్కాంత కవచం నొక్కుకుపోతుంది. రాత్రి వైపు తోకలా సాగిన భాగం నుంచి ఓ మోస్తరు ఎనర్జీ ఉన్న ఎలక్ట్రాన్లు లోపలికి దూసుకొస్తాయి. అవి తెల్లవారే వైపు తిరుగుతూ, తమ ఎనర్జీలో కొంత వేవ్స్‌కి ఇచ్చేస్తాయి. అలా పుట్టేదే కోరస్ వేవ్. రేడియో రిసీవర్‌లో పట్టి స్పీకర్‌కి ఇస్తే అచ్చం తెల్లవారుజామున పిట్టల కిచకిచే! నేను మొదటిసారి విన్నప్పుడు ఎవరో ఎడిట్ చేశారనుకున్నా. కాదు, దాని ఫ్రీక్వెన్సీయే మన చెవికి వినపడే రేంజ్‌లో ఉంది.

ఇప్పుడు ఉయ్యాల ఊహించుకోండి. సరైన టైమింగ్‌లో చిన్నగా తోసినా చాలు, పైపైకి పోతుంది కదా? ఎలక్ట్రాన్ కూడా అయస్కాంత రేఖ చుట్టూ సెకనుకి వేలసార్లు గిరగిరా తిరుగుతుంది. కోరస్ వేవ్ దాని తాళానికి కలిస్తే తోపు మీద తోపు. చాలా ఎలక్ట్రాన్లు ఇచ్చిన ఎనర్జీ కొన్నింటికి చేరి, అవి దాదాపు కాంతి వేగం అందుకుంటాయి. దీనికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. తుఫాన్ తగ్గాక ప్రమాదం పెరగడం అందుకే.

కానీ కథ ఇంత సింపుల్ కాదు. అదే కుదుపు ఎమిక్ అనే ఇంకో రకం వేవ్స్‌నీ లేపుతుంది. అవి రివర్స్‌లో పనిచేసి, కిల్లర్ ఎలక్ట్రాన్లని దారి మళ్లించి వాతావరణంలోకి నెట్టేస్తాయి. 1989 నుంచి 2000 వరకు వచ్చిన 276 తుఫాన్లని లెక్కేస్తే, సుమారు సగంలో ఈ ఎలక్ట్రాన్లు పెరిగాయి, ఐదో వంతులో తగ్గాయి, మిగతావాటిలో పెద్ద తేడా లేదు. సర్వర్ లాగ్స్ చూసి బతికిన నాలాంటివాడికి ఇది పెద్ద తలనొప్పి. ఒకే ఇన్‌పుట్‌కి మూడు అవుట్‌పుట్లా!

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఈ గాలిని కొలుస్తోంది. 400 స్పీడ్‌తో లెక్కేస్తే అక్కడి గాలి మన దగ్గరికి రావడానికి గంట పైమాటే. 800 అయితే అరగంట. అంటే కుదుపు వస్తోందని ముందే తెలుస్తుంది. కానీ ఏ వేవ్ గెలుస్తుందో చెప్పాలంటే రేడియేషన్ బెల్ట్ లోపలే శాటిలైట్ ఉండాలి. 2012లో వెళ్లిన నాసా వాన్ అలెన్ ప్రోబ్స్ రెండూ ఆ పని చేసి 2019లో రిటైర్ అయ్యాయి.

ఆ కోరస్ ఆడియో వీడియోలోనే 6వ నిమిషం దగ్గర ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఏ పిట్టలా అనిపించిందో కామెంట్ చేయండి.