నరికిన కర్ర మిల్లుకు చేరేదాకా



ఈ పూట ప్రత్తిని గురించి గాని, మిరపను గురించి గాని మాట్లాడబోవుట లేదు. ఒంగోలు, అద్దంకి, దర్శి, కందుకూరు వైపు మెట్ట చేలల్లో సుబాబులు, జామాయిలు వేసినవారితోను, సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో సరుగుడు వేసినవారితోను నాలుగు మాటలు చెప్పుకోవలెనని వచ్చాను. మొక్కలు నాటుట గురించి, వరుసల మధ్య ఎడం గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నరికిన తరువాతి సంగతి చెప్పేవారు తక్కువ. నేను చూసినంతలో ఈ పంట మీద రైతు దెబ్బతినేది చెట్టు ఎదిగే మూడు నాలుగేళ్లలో కాదు. గొడ్డలి వేసిన రోజు మొదలు కర్ర కాటా ఎక్కేదాకా గడిచే ఆ కొద్ది రోజులలోనే.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొంటాను. కొన్నేళ్ల క్రిందట నా పరిధిలోని ఒక గ్రామంలో ఒక పెద్దాయనకు నాలుగెకరాల సుబాబులు కోతకు వచ్చింది. "నరికించనా బాబూ?" అని నన్ను అడిగాడు. ఆకాశం తెరిపిగా ఉన్నది, ముఠా కూలీలు దొరికారు. "నరికించండి బాబాయి గారూ" అన్నాను. లారీ ఎక్కడినుంచి వస్తుందని ఆయన అడగలేదు, నేనూ ఆలోచించలేదు. అది ఫిబ్రవరి నెల. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నవి. ఉన్న లారీలన్నీ టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డు దారి పట్టినవి. కర్ర చేలోనే పన్నెండు రోజులు ఎండింది. పదమూడో నాడు వాన పడింది. మనది నల్లరేగడి గదా! డొంకలో ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడింది. దాన్ని లాగుటకు మరో ట్రాక్టరు, దానికి వేరే కిరాయి. నేల ఆరేసరికి ఇంకో పది రోజులు. చివరకు కాటా చీటీ చేతికి వచ్చిన రోజున ఆ పెద్దాయన, "నిలబడి ఉన్నన్నాళ్లూ బరువు పెరిగింది బాబూ, పడుకున్న కాడి నుంచీ తగ్గింది" అన్నాడు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆయన అన్న మాట లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పచ్చి కర్ర బరువులో సగానికి దగ్గరగా నీరే ఉంటుంది. పది టన్నుల పచ్చి కర్ర ఉన్నదనుకోండి. అందులో అయిదు టన్నులు నీరు. ఎండకు ఆ నీటిలో మూడో వంతు పోయిందంటే, మీ కుప్ప 8 టన్నుల 3 క్వింటాళ్ల దగ్గర నిలుస్తుంది. కర్రలోని నార ఒక్క వీసం కూడా తగ్గలేదు. కాగితం అయ్యేది ఆ నారే. కాని ధర టన్నుకు గదా! ఆరో వంతు సొమ్ము గాలిలో కలిసిపోయిందన్నమాట. సన్న కర్ర లావు కర్ర కంటె తొందరగా ఆరుతుంది, బెరడు తీసిన కర్ర ఇంకా తొందరగా ఆరుతుంది. కాబట్టి లారీ ఖాయం కానిదే గొడ్డలి తీయకండి. నాలుగెకరాలూ ఒక్క ఊపున పడగొట్టవద్దు. రెండు మూడు రోజులలో ఎత్తగలిగినంత మాత్రమే కొట్టించండి. ముఠా మేస్త్రి ఒప్పుకోడు, అతనికి ఒకేసారి పని తెగిపోవలెను. ఆ మాట ముందే బేరంలో పెట్టుకోవలెను.

బెరడు సంగతి కూడ ముందే తేల్చుకోండి. కొనేవారు బెరడుతో తీసుకుంటారా, ఒలిచిన కర్రకే ధర చెప్పారా? ఒలిచేదే అయితే కొట్టిన రోజునే ఒలిపించవలెను. పచ్చి మీద బెరడు చేతికి సులువుగా ఊడివస్తుంది. ఆరిందా, కత్తికి కూడ లొంగదు, కూలి రెట్టింపవుతుంది. ఒలిచిన బెరడు చేలోనే ఉండనివ్వండి. సుబాబులు ఆకు, లేత కొమ్మలు మేకలకు వేసుకోవచ్చును గాని, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్నది. మొత్తం మేతలో మూడో వంతు మించనీయకండి.

ఇక దూరం. మన ప్రాంతంలో కర్ర పండుతుంది గాని దాన్ని కాగితం చేసే పెద్ద మిల్లులు మన గడపలో లేవు. ఒకటి రాజమహేంద్రవరంలో ఉన్నది. రెండవది భద్రాచలానికి ఎదురుగా గోదావరి ఇవతలి ఒడ్డున, సారపాకలో. ఒంగోలు నుంచి ఏ మిల్లుకైనా రమారమి 300 కిలోమీటర్లు. 2014 తరువాత సారపాక వెళ్లే లోడు రాష్ట్రం సరిహద్దు కూడ దాటవలెను. సిర్పూరు కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి, మళ్లీ 2018లో తెరుచుకున్నది. మిల్లు ఆగితే చేలో చెట్టు ఆగదు గదా! అందుచేత ఒక్క మిల్లును, ఒక్క ఏజెంటును నమ్ముకొని కూర్చోవద్దని చెప్పుట. వంకర కర్ర, సన్న కొమ్మ మిల్లుకు పనికిరాకపోయినా పొగాకు బారన్లకు, ఇటుక బట్టీలకు పనికివస్తుంది. అంత దూరం కిరాయి పెట్టి దాన్ని పంపి, అక్కడ తీసివేయించుకొనుట తెలివి కాదు.

చేను నుంచి రోడ్డుదాకా ఉన్న ఆ మైలు, మైలున్నర దారే 300 కిలోమీటర్ల కంటె కష్టం. లారీ చేలోకి రాదు. ట్రాక్టరు ట్రక్కులో డొంక మీదుగా తెచ్చి, దించి, మళ్లీ లారీకి ఎక్కించవలెను. దించుటకొక కూలి, ఎక్కించుటకొక కూలి. వీలైతే ట్రక్కు నుంచి నేరుగా లారీలోకి మార్చండి, నేలకు దించకండి. నరకటానికి వారం ముందే డొంక వెంబడి ఒకసారి నడిచి చూడండి. గుంటలు పూడ్పించండి. వ్యవసాయ కరెంటు తీగెలు ఎక్కడెక్కడ వేలాడుతున్నవో చూసుకోండి. ఎత్తుగా పేర్చిన కర్ర తీగెకు తగిలితే పోయేవి ప్రాణాలే. కర్ర లోడు మీద కూలీలను కూర్చోబెట్టవద్దు. కట్టుతాడు తెగితే కర్రలు దొర్లుతవి, క్రింద పడినవారి మీదనే పడతవి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

కాలం ఎన్నుకొనుట తేలిక కాదు, నేను ఇదే సరియైన నెల అని చెప్పలేను. సంక్రాంతి ముందు నేల గట్టిపడుతుంది, లారీలు ఇంకా మిరపకు పోవు. నాకు నచ్చినది అదే. మే నెలలో సాధారణంగా మిరప యార్డుకు సెలవులు వస్తవి గనుక లారీలు దొరుకుతవి. కాని ఆ ఎండకు కర్ర మరీ తొందరగా ఆరుతుంది, మోడు నుంచి పిలకలు రావటం కూడ మందగిస్తుంది. జూన్ వచ్చిందంటే మళ్లీ డొంక బురద.

లారీవారు ఎక్కువ లోడు ఎత్తి కిరాయి కలిసివస్తుందంటారు. వినకండి. 2018 నుంచి అమలులో ఉన్న పరిమితి ప్రకారం ఆరు చక్రాల లారీ బండితో సహా 18.5 టన్నులు, పది చక్రాలది 28.5 టన్నులు మించరాదు. 2019 చట్ట సవరణ ప్రకారం పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆ సొమ్ము ఎవరి లెక్కలో వ్రాస్తారో మీకు నేను చెప్పవలెనా?

కాటా దగ్గర మీ మనిషి ఉండి తీరవలెను. మీ ఊరి దగ్గర వేబ్రిడ్జి ఉంటే ఖాళీ లారీని ఒకసారి, లోడుతో ఒకసారి తూయించి, రెండు చీటీలూ దాచుకోండి. మిల్లు కాటాతో తేడా వస్తే మాట్లాడుటకు చేతిలో కాగితం ఉంటుంది. చీటీ లేనివాడి మాట ఎవరూ వినరు. సొమ్ము ఎన్ని రోజులకు వస్తుందో, ఎవరి పేరున వస్తుందో లోడు కదలకముందే వ్రాయించుకోండి. కౌలుకు చేసినవారు మరీ జాగ్రత్తపడవలెను. పట్టా భూస్వామి పేరున ఉంటే చెక్కు కూడ అటే పోయే ప్రమాదమున్నది.

చిన్న రైతుకు ఒక్క లారీ నింపేంత కర్ర ఒక్క రోజులో రాదు. ఇరుగు పొరుగు ముగ్గురు కలిసి వరుసగా కొట్టుకుంటే లారీ ఆగకుండా తిరుగుతుంది. అయితే ఎవరి కర్ర వారిది విడిగా తూయించి ఎక్కించవలెను. అన్నదమ్ముల మధ్యనైనా సరే. టేకు, ఎర్రచందనం మాటకు వస్తే అది వేరే దారి. సొంత చేనిదైనా నరకక ముందే అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి అనుమతి సంగతి తెలుసుకోండి.

ఇంతకూ ఆ పెద్దాయన సంగతి. మోళ్ల నుంచి వచ్చిన పిలకలు మళ్లీ కోతకు వచ్చినవి. ఈసారి ఆయనే ముందుగా లారీవానితో మాట్లాడుకొని, పక్క చేను ఇద్దరిని కలుపుకొని, సంక్రాంతికి ముందే మొదలుపెట్టాడు. డొంకలో రెండు గుంటలు రాళ్లతో పూడ్పించాడు. నన్ను సలహా అడగలేదు. నేను వెళ్లేసరికి రెండవ లోడు కడుతున్నారు. "కాటా దగ్గర నిలబడతావా బాబూ, మావాడు పెండ్లికి వెళ్లాడు" అన్నాడు. నిలబడ్డాను.