సగటు లెక్క చాలదు

2016 అక్టోబరు 11న కరీంనగరము నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడిన పిమ్మట, 2022లో జగిత్యాలయందును, 2023లో సిరిసిల్లయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి, సంతోషమే. అయినను, ఒడిలో చేట పెట్టుకొని, తంబాకు ధూళి పీల్చుచు, వేయి బీడీలకింత యను కూలికి తునికాకు చుట్టు జగిత్యాల జిల్లా కోరుట్ల కార్మికురాలికిని, మరమగ్గముల హోరులో పన్నెండు గంటలు నిలుచు సిరిసిల్ల నేతపనివానికిని ఆసుపత్రికి పోవుట యనగా ఆనాటి కూలి వదలుకొనుటయే. జిల్లా సగటు ఇట్టివారి కష్టమును కప్పిపుచ్చును; వైద్యవసతులను జనాభాను బట్టి సమముగా పంచుటయే న్యాయమని నేను తలపను. ఆశా కార్యకర్తయు, అంగన్వాడీయు, ఆరోగ్య ఉపకేంద్రమును వేర్వేరుగా వ్రాయు లెక్కలను వాడవారీగా, వృత్తివారీగా ఒక్కచోట చేర్చి చూచి, దగ్గు, రక్తహీనత అధికముగా కనబడిన వాడకే మందులను, సిబ్బందిని, పని ముగిసిన వేళకు వైద్యశిబిరమును ముందుగా పంపవలయును.