గట్టి ఎదురుంటేనే ఆట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"యువకులు, క్రీడలు" అనే విషయంపై పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ముప్పయ్యేళ్లు డ్రిల్లు మాష్టారుగా పనిచేసినవాణ్ణి గనుక కబడ్డీ గురించో, వాలీబాల్ గురించో చెబుతానని మీరంతా అనుకుని ఉంటారు. కాని ఈరోజు నేను మనవి చేయదలచుకున్నది టీవీ ముందు కూర్చుని ఆడే ఆట గురించి. నవ్వకండి. రెండేళ్ల క్రితం దాకా నేనూ నవ్వినవాణ్ణే. అంతకు ముందు 1990ల్లో మన ఊళ్లలో రూపాయి బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ మిషన్లు వచ్చినప్పుడు, "ముస్తఫా ఆట" అంటూ వాటి చుట్టూ మూగిన పిల్లల్ని బెత్తం పుచ్చుకుని తరిమినవాణ్ణి. ఆనాటి కుర్రాళ్లు కొందరు ఇప్పుడు తండ్రులై ఈ సభలోనే కూర్చున్నారు. వాళ్లకు నా సంగతి తెలుసు.

మా పెద్దమ్మాయి కొడుకు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. టెక్కెన్ అని ఒక ఆట ఉంది. తెరమీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి గుద్దుకుంటారు, తన్నుకుంటారు. ఒక్కో మనిషిని ఒక్కో ఆటగాడు చేతిలోని కంట్రోలరుతో నడుపుతాడు. రెండేళ్ల క్రితం మావాడు నా దగ్గరకొచ్చి, "నానా, హైదరాబాదులో పోటీ ఉంది, బస్సు చార్జీలు ఇస్తావా?" అని అడిగాడు. "బొమ్మల కొట్లాటకు చార్జీలు కూడానా!" అని కసిరాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు వారాలు అసలు మాటే మాట్లాడలేదు. నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. ఒక సాయంత్రం ఊరకే వెళ్లి వాడి పక్కన కూర్చుని, "ఏదీ, ఏం చేస్తున్నావో చెప్పు, చూస్తాను" అన్నాను.

వాడు చెప్పింది మీకూ చెబుతాను. తెరమీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుందట. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. అతి చురుకైన చేతి దెబ్బ పది ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరోవంతు. దాన్ని కంటితో చూసి కాచుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో వాడి అలవాటునుబట్టి ముందే పసిగట్టాలి. పెద్ద దెబ్బ కొట్టినప్పుడు ఎదుటివాడు కాచుకున్నాడనుకోండి, కొట్టినవాడు కొన్ని ఫ్రేముల సేపు చేతులు కట్టేసినట్టు ఉండిపోతాడు. ఏ దెబ్బకు ఎన్ని ఫ్రేములో తెలిసినవాడు సరిగ్గా ఆ సందులో తిరిగి కొడతాడు. ఆటలో ముప్పైకి పైగా పాత్రలున్నాయి, ఒక్కోదానికి నూరు దాకా ఎత్తులు. కొన్ని ఎత్తులు పూర్తిగా ఫలించాలంటే దిక్కు మీట, గుద్దు మీట రెండూ ఒకే ఫ్రేములో పడాలి. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే ఆ దెబ్బలో పస పోతుంది.

ఇదంతా వింటూంటే నాకు కబడ్డీ కూత గుర్తుకొచ్చింది. కూతకెళ్లినవాడు కాలు చాచి వెనక్కి తీసుకునే ఆ లిప్తపాటులోనే గదా పట్టేవాడు దూకేది. నా జీవితమంతా పిల్లలకు నేను నేర్పింది అదే. వీడు కూర్చుని నేర్చుకుంటున్నాడు, అంతే తేడా. ఒళ్లు వంగదనే నా ఫిర్యాదు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఆ సంగతి వాడికీ తెలుసు, రోజూ పొద్దున్నే గౌతమి వంతెన దాకా పరుగెత్తించి తీసుకొస్తున్నాను.

మరి ఇంట్లో కూర్చునే ప్రపంచమంతటితో ఆడవచ్చు గదా, హైదరాబాదు దేనికి అని అడిగాను. ఇక్కడే ఉంది అసలు చిక్కు. మన రావులపాలెం నుంచి జపానుకో, కొరియాకో సంకేతం వెళ్లి తిరిగి రావడానికి వందకు పైగా మిల్లీ సెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో చెప్పాలంటే ఆరు, ఏడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పది ఫ్రేముల దెబ్బలుండే ఆటలో ఆరు ఫ్రేములు దారిలోనే పోతే ఇంకేం మిగిలింది? ఈ జాప్యం తెలియకుండా ఉండటానికి మిషనే ఎదుటివాడి ఎత్తును ఊహించి చూపించి, తప్పయితే వెంటనే దిద్దుకుంటుందట. ఎంత చేసినా పక్కన కూర్చుని ఆడినట్టు ఉండదు. అందుచేత పెద్ద పోటీలన్నీ ఒకే హాలులో, ఒకే టేబులు దగ్గర జరుగుతాయి. ఆ హాలుకు చేరగలిగినవాడికే ఆట.

మరుసటి ఏడాది నేనే వాణ్ణి హైదరాబాదు తీసుకెళ్లాను. రాత్రి బస్సెక్కాం. రెండు ఓటములైతే ఇంటికి పంపించే పద్ధతి. మావాడు మన చుట్టుపక్కల పట్టణాల పిల్లలందరినీ ఓడించి వచ్చినవాడు, మంచి ధీమాగా ఉన్నాడు. మొదటి పోటీ ఐదారు నిమిషాల్లో అయిపోయింది. ఒక్క ఆట కూడా దక్కలేదు. రెండోది ఎలాగో గెలిచాడు, మూడోదానిలో మళ్లీ ఓడాడు. ఓదార్చాలని దగ్గరకెళ్తే అక్కడ మావాడు లేడు! తనను మొదట ఓడించిన కుర్రాడి పక్కన చేరి, "అన్నా, ఆ దెబ్బ మళ్లీ కొట్టు" అని అడుగుతున్నాడు. ఆ అబ్బాయి ఎవరి బిడ్డో గాని, అరగంట సేపు ఓపిగ్గా చూపించాడు. తిరుగు ప్రయాణంలో మావాడు నోటు పుస్తకం తీసి విజయవాడ వచ్చేదాకా రాస్తూనే ఉన్నాడు. "నానా, ఇక్కడ మనవాళ్లందరికీ నా ఎత్తులు తెలుసు, నాకు వాళ్లవి తెలుసు. ఆయన కొట్టినట్టు నన్నెవరూ కొట్టలేదు" అన్నాడు. ముప్పయ్యేళ్లలో ఎంతమందిని జిల్లా పోటీలకు పంపానో, ఓడి వచ్చినవాడి నోట ఇలాంటి మాట నేను విన్నది బహు తక్కువ.

ఈ ఆటలో ప్రపంచంలోకెల్లా ఘనుడెవరని వాకబు చేశాను. లాహోరు కుర్రాడు, అర్సలాన్ సిద్దీఖ్. పోటీల్లో అర్సలాన్ యాష్ అంటారు. ఆ దేశం పేరెత్తగానే ముందు వరుసలో ఒకరిద్దరు కుర్చీలో సర్దుకోవడం చూశాను. మల్లయుద్ధం మాట వస్తే గామా పేరు చెప్పుకోమూ! ఆట విషయంలో ఉన్నమాట చెప్పుకోవాలి గనుక చెబుతున్నాను.

2019 ఫిబ్రవరి దాకా ఈ ఆటలో పెద్దలంటే కొరియా, జపాను వాళ్లే. జపానులోని ఫుకువోకాలో ఈవో అనే పెద్ద పోటీ జరిగింది. వీసా చిక్కులు, విమానాల చిక్కులు దాటుకుని అర్సలాన్ అక్కడికి చేరడమే గగనమైంది. చేరి గెలిచాడు. గెలిచాక, మా దేశంలో నాతో సమానమైనవాళ్లు ఇంకా ఉన్నారు అన్న అర్థంలో మాట్లాడాడు. వినయం కొద్దీ అంటున్నాడులే అనుకున్నారు జనం. అదే ఏడు ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఇంకో ఈవో జరిగితే, ఫైనల్లో 'నీ' అనే పోటీ పేరు గల కొరియా దిగ్గజాన్ని ఓడించాడు. తర్వాత ఆ నీ గారే పాకిస్తాను వెళ్లి అక్కడి కుర్రాళ్లతో ఆడి చూసుకున్నాడు. అంత పేరున్నవాడు బిడియపడకుండా బయలుదేరి వెళ్లడం నాకు గెలుపుకన్నా గొప్పగా కనిపించింది. అర్సలాన్ అన్నది నిజమేనని 2023లో ఇంకోసారి రుజువైంది. ఆ ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన టెక్కెన్ ప్రపంచ టూరు ఫైనల్స్ గెలిచింది ఆతిఫ్ బట్, అతనూ పాకిస్తానీయే. ఇక అర్సలాన్ లాస్ వేగాస్‌లో 2023, 2024, 2025లలో వరసగా మళ్లీ గెలిచాడు.

ఇంత బలం ఎక్కణ్ణించి వచ్చింది? పెద్ద రహస్యమేమీ లేదు. అక్కడి వీధుల్లో ఆట మిషన్ల కొట్లు నడుస్తూ వచ్చాయి. డబ్బులిచ్చి ఆడే చోట ఓడినవాడు లేచి నిలబడాలి, గెలిచినవాడు కూర్చునే ఉంటాడు. ఆ కుర్చీ కోసం ఒకరినొకరు రాసుకుని, ఒరుసుకుని పదునెక్కారు. వాళ్లకు లేనిది వీసా, విమానం టిక్కెట్టు. అది తెలిశాక, నేను బెత్తంతో తరిమిన పిల్లలు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదని చెప్పక తప్పదు.

చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, అవి 2023లో జరిగాయి, ఇలాంటి ఆటలకు మొదటిసారి పతకాలిచ్చారు. స్ట్రీట్ ఫైటర్ అనే ఆటలో స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసెంతనుకున్నారు? 44. ఆ పోటీకి మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్లారు. పతకం రాలేదు, కాని ఆ హాలులో కూర్చున్నారు.

తెరమీది కొట్లాట వద్దు, నిజమైనదే చెప్పమంటారా? మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను తలచుకోండి. 1996లో పుట్టిన ఆ అమ్మాయి బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు ఊళ్లో ఎదురు నిలబడటానికి ఆడపిల్లలే లేరు. మగపిల్లలతోనే సాధన చేసింది. ముఖం వాచి ఇంటికొస్తే, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి కంటతడి పెట్టిందట. తండ్రి జమీల్ అహ్మద్ గారు మాత్రం వెనకడుగు వేయలేదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం దెబ్బతిని ఆట ఆగింది. 2019 డిసెంబరులో మేరీ కోమ్‌తో ఎంపిక పోటీలో 9–1 తేడాతో ఓడింది. అంత ఓటమి తర్వాత మనవాళ్లయితే పెళ్లి సంబంధాలు వెతికేసేవాళ్లు.

2022 ఫిబ్రవరిలో బల్గేరియా పోటీలో టర్కీ అమ్మాయి బూసె నాజ్‌ను ఓడించింది. ఆమె టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్న మనిషి. ఆ మే నెలలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ విజేత అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడిపోయింది. ఆ పోటీలో స్వర్ణం చివరకు ఆ వూ యూదే. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో అదే బూసె నాజ్ చేతిలో ఓడింది. నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. ఓడినా గెలిచినా ఎదుట ఎవరున్నారో చూడండి. నిజామాబాదులోనే ఉండిపోయి ఉంటే ఎవరినైనా ఓడించేదే, ఎవరికీ తెలిసేది కాదు.

ఇక తల్లిదండ్రుల సందేహాలు. ఇది జూదం కాదా అని నన్ను ముగ్గురు అడిగారు. మంచి ప్రశ్న. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పందెపు ఆటలను దేశమంతటా నిషేధించి, నైపుణ్యంతో ఆడే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ప్రవేశ రుసుము కట్టవచ్చు, గెలిస్తే బహుమతి తీసుకోవచ్చు, ఆట ఫలితం మీద పందెం మాత్రం కూడదు. ఈ తేడా పిల్లలకు తెలుసోలేదో మీరు ఇంట్లో అడిగి తెలుసుకోండి. చదువు పాడవుతుందన్న భయం నాకూ ఉంది. మావాడికి రోజుకు గంటన్నర, పరీక్షల నెలలో సున్న. సణుగుతాడు, ఒప్పుకుంటాడు. ఇది బతుకుతెరువు అవుతుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను. వేలమందిలో ఒకరికి అవుతుందేమో. కబడ్డీ కూడా ఎవరికీ బతుకుతెరువు అవుతుందని నేర్పలేదు గదా.

సంఘానికి నా విన్నపం చిన్నది. ఆట మిషను కొనాలంటే దాదాపు యాభై వేలు, ప్రతి ఇంటికీ అయ్యే పని కాదు. మన సంఘం భవనంలో వెనుక గది ఖాళీగానే ఉంది. అక్కడ ఒక్క మిషను, రెండు కంట్రోలర్లు పెట్టి ఆదివారం జొహర్ తర్వాత మూడు గంటలు తెరుద్దాం. మన పిల్లలే అని గిరి గీయవద్దు. జొన్నాడ వాళ్లు, సిద్ధాంతం వాళ్లు, ఏ వీధివాళ్లయినా రావాలి, గట్టివాళ్లు రావాలి. ఆడపిల్లలు అడిగితే వాళ్లకూ వేళ కేటాయించాలి. తాళం నా దగ్గర ఉంచుకుంటాను, బెత్తం లేకుండానే కూర్చుంటాను. రెండవది, పద్దెనిమిది నిండిన పిల్లలందరికీ ఈ ఏడు పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టించండి. ఆటకే పనికిరానక్కర్లేదు, గల్ఫుకైనా, హజ్జుకైనా అక్కరకొస్తుంది.

వచ్చే నెల హైదరాబాదులో మళ్లీ పోటీ ఉంది. నాకు, మావాడికి రెండు సీట్లు చెప్పాను. పోయిన ఏడు మావాడిని మొదట ఓడించిన కుర్రాడు కూడా వస్తున్నాడట, మావాడు నోటు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. ఇంకెవరి పిల్లలనైనా నాతో పంపాలనుకుంటే శుక్రవారం నమాజు అయ్యాక నాకు చెప్పండి, బస్సులో సీట్లు ఉంటాయి. సెలవు.